ఒక డిస్కు, రెండు కాపురములు

(పాఠశాల తల్లిదండ్రుల వార్షిక సభలో ప్రధానోపాధ్యాయులు గావించిన ప్రసంగము)



వార్షిక సభలో ప్రధానోపాధ్యాయుడు పరీక్షాఫలితములను గూర్చియు, బహుమతులను గూర్చియు చెప్పుట వాడుక. ఆ వివరములన్నియు పాఠశాల నివేదికలో నున్నవి. నేడు మేము వేరొక విషయము మనవి చేయదలచితిమి. అది మా కార్యాలయమునందలి కంప్యూటరును గూర్చినది. కంప్యూటరు చెడినచో బాగుచేయించుకొనవలెను గాని సభలో చెప్పనేల యని మీకు తోచవచ్చును. అందులో చెడినది బడి సొత్తు మాత్రమే కాదు, మీ యిండ్ల సొత్తు. చెడుటలో మా అజాగ్రత్తకును పాలున్నది. అందుచేత మీ యెదుట చెప్పుట మా విధి.

సంక్రాంతి దాటిన వారమున ఒక బాలిక మా కార్యాలయమునకు వచ్చినది. ఆమె తాతగారు 1964లో మన బడిలో చేరినవారు. వృత్తివిద్యా కళాశాలలో చేరుటకు ఆమెకు కాస్ట్ వాలిడిటీ కావలసియున్నది. అందులకు తాతగారి పేరున బడి రిజిస్టరు ఉతారా కావలెను. ఆమెను కూర్చుండుమని చెప్పి, కంప్యూటరు తెరచి, ఆ పుటను తీయబోయితిమి. తెరమీద చక్రము తిరుగుచునే యుండెను. కొంతసేపటికి, ఈ దస్త్రమును చదువుట సాధ్యము కాదని సమాధానము వచ్చెను. దాని ప్రక్క పుటను తీసితిమి, అదియు నంతే. ఒక్కొక్కటిగా చూడగా పదునాలుగు పుటలు తెరుచుకొనలేదు. "రేపు రా అమ్మా" అని ఆ బాలికతో చెప్పితిమి. ఆ మాట చెప్పునప్పుడు మాకు సిగ్గు కలిగినది.

జనరల్ రిజిస్టరు విలువ మీలో చాలమందికి అనుభవముచే తెలియును. బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, పుట్టిన ఊరు, కులము, మాతృభాష, బడిలో చేరిన తేది, విడిచిన తేది, ఇవన్నియు అందొక్క వరుసలో నుండును. మేమిచ్చు లీవింగ్ సర్టిఫికెట్టు ఆ వరుసకు ప్రతిబింబము మాత్రమే. మహారాష్ట్రములో కుల ధ్రువపత్రము కోరువారు తమ పెద్దలు ఈ రాష్ట్రమున ఒక నియమిత దినమునకు పూర్వమే నివసించుచుండిరని చూపవలసియుండును. షెడ్యూల్డు కులములవారికి ఆ దినము 1950 ఆగస్టు 10. విముక్త, సంచార జాతులవారికి 1961 నవంబరు 21. ఇతర వెనుకబడిన వర్గములవారికి 1967 అక్టోబరు 13. మనవారి పూర్వులు తెలంగాణమునుండి వచ్చి ఈ నగరములో ఇండ్లు కట్టిరి, రోడ్లు వేసిరి. కామాఠిపురమను పేరే ఆ కామాఠీల వలన వచ్చినది. మగ్గములు విడిచి వచ్చిన పద్మశాలీలు మిల్లులలో చేరిరి. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత ఎందరో ఊళ్లకు మరలిపోయిరి, ఎందరో చాళ్లు మారిరి. మిల్లు కార్డు పోయినది, అద్దె రసీదు పోయినది. అన్నియు పోయిన ఇంటికి మిగిలిన ఆధారము తరచుగా బడి రిజిస్టరులోని ఆ ఒక్క వరుసయే.

ఆ రిజిస్టరు కాగితమున నుండగా కంప్యూటరుతో పనియేమి అని అడుగవచ్చును. ముంబయి వర్షములు మీరెరుగనివి కావు. 2005 జూలై 26న శాంతాక్రూజున ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. మా బీరువాలోనికి వరదనీరు రాలేదు గాని, ఏటేటి వానకాలపు చెమ్మ గోడనుండి లోనికి దిగినది. 1963 మొదలు 1966 వరకు గల పుటలలో సిరా అలుముకొనసాగినది. అక్షరములు ఇంకను చదువవచ్చి యున్న కాలముననే వానిని స్కాను చేయించి కంప్యూటరులో భద్రపరచితిమి. ఆ తరువాత కాగితముపై అక్షరములు మరింత చెరగిపోయినవి. కావున ఆ పుటలకు చదువదగిన ప్రతి కంప్యూటరులోని బొమ్మయే. దానికి వేరొక నకలు తీయవలెనని పలుమారులు అనుకొంటిమి, తీయలేదు. మా మొదటి తప్పు ఇది.

రెండవ తప్పు చెప్పుటకు ముందు ఆ కంప్యూటరు సంగతి కొంత చెప్పవలెను. అది విండోస్ 10తో నడచుచుండెను. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసినది. మా పాత యంత్రము విండోస్ 11కు తగినది కాదు. క్రొత్త యంత్రమునకు సొమ్ము చాలదు. యూనికోడ్‌కు పూర్వపు డి.టి.పి. అక్షరములలో కూర్చిన ప్రశ్నపత్రములు విండోస్‌లోనే తెరుచుకొనును గనుక దానిని తీసివేయుటకును వీలులేకపోయెను. అందుచేత ఆ దీపావళి సెలవులలో అదే హార్డ్ డిస్కును విభజించి, ఒక భాగమున విండోస్‌ను ఉంచి, రెండవ భాగమున ఉచితముగ లభించు లినక్సును ఎక్కించితిమి. యంత్రమును తెరచినప్పుడు రెండింటిలో నేది కావలెనో కోరుకొమ్మని పట్టిక వచ్చును. దీనినే డ్యుయల్ బూట్ అందురు. లినక్సులో తెలుగు చక్కగా వ్రాయవచ్చును. పిల్లలు సంతోషించిరి, మేమును సంతోషించితిమి.

కొన్ని వారములకు విండోస్ తెరుచుకొనుటకు పది నిమిషములు పట్టసాగినది. లోపల టక్కు టక్కుమను చప్పుడును వినవచ్చెను. లినక్సు మాత్రము చురుకుగా నడచుచుండెను. విండోస్ పాతబడినది, యంత్రమునకు లోపము లేదు, యుండినచో లినక్సు ఇంత బాగుగ నెట్లు నడచును అని మేము తర్కించి, మూడు వారములు లినక్సులోనే పని జరుపుకొంటిమి. ఇది మా రెండవ తప్పు. మొదటిదానికంటె పెద్దది.

బాలిక వచ్చి వెళ్లిన నాటి సాయంకాలము మా పూర్వవిద్యార్థి నొకని పిలిపించితిమి. అతడు లామింగ్టన్ రోడ్డులో కంప్యూటరు దుకాణమున పనిచేయువాడు. అంతయు విని అతడు, "సార్, మీరు రెండు ఖోలీలు చూసిండ్రు, గోడ చూడలే" అనెను. ఆ మాటతో మాకు విషయము తెలిసినది. మన చాల్‌లో ప్రక్కప్రక్క ఖోలీలలో రెండు కాపురములుండును. ఎవరి ఖోలీ వారు ఊడ్చుకొందురు, సున్నము కొట్టించుకొందురు. కాని నడుమ గోడయు, క్రింది పునాదియు, పై కప్పును ఉమ్మడివి. ఒక ఖోలీలో చెమ్మ కనబడినచో రెండవ ఖోలీవారు తమ గోడ పొడిగా నున్నదని నిశ్చింతగ నుండరాదు. ఒకే డిస్కుపై నున్న విండోస్, లినక్సుల కాపురమును అట్టిదే. వ్యాధి విండోస్ భాగములో మొదలైనది గనుక లినక్సు దానిని చూడలేదు. వ్యాధిగ్రస్తమైనది మాత్రము ఉమ్మడి డిస్కు.

హార్డ్ డిస్కు ఎట్లుండునో సంగ్రహముగ చెప్పెదము. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే ఐ.బి.ఎం. సంస్థ మొదటి హార్డ్ డిస్కును వెలువరించినది. అందు 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను నిలుపుకొనెడివి. నేటి డిస్కు అరచేతిలో ఇముడును. లోపల నున్న పళ్లెములు నిమిషమునకు 5400 మారులో, 7200 మారులో తిరుగును. వానిపై అయస్కాంతపు గుర్తులను చదువు శిరస్సు పళ్లెమును తాకక, వెండ్రుక మందమును పదివేల భాగములు చేసినచో దాదాపు అందొక భాగమంత ఎత్తున తేలియాడును. పళ్లెము ఉపరితలము సెక్టరులను చిన్న గడులుగా విభజింపబడియుండును. ఒక్కొక్క గడిలో 512 అక్షరములు పట్టును. క్రొత్త డిస్కులలో 4096 పట్టును. మా 500 జీబీ డిస్కులో 512 అక్షరముల లెక్కను 97 కోట్ల 67 లక్షల పైచిలుకు గడులు కలవు. వీనిలో ఏ గడినైనను డిస్కు చదువలేకపోయినచో దానిని బ్యాడ్ సెక్టరు అందురు.

బ్యాడ్ సెక్టరులు రెండు విధములు. గడిలో వ్రాయుచుండగా కరెంటు పోయినచో వ్రాత సగములో ఆగి, గడి చదువబడదు. గడికి మాత్రము గాయము లేదు. మరల వ్రాసినచో బాగుపడును. రెండవ విధము దేహములోనే గాయము. యంత్రము నడచుచుండగా బల్ల కదలుట, ధూళి కణము లోపల చిక్కుట, వేడి, ముసలితనము, ఇవి అందులకు కారణములు. డిస్కును చేసినవారు ఇట్టి ఆపదకై కొన్ని అదనపు గడులను ప్రక్కన ఉంచుదురు. గాయపడిన గడిపై మరల వ్రాయ ప్రయత్నించినపుడు డిస్కు దానిని విడిచి అదనపు గడిని వాడుకొనును. కాని అందులో పూర్వమున్న వ్రాతను మాత్రము అది తిరిగి తేలేదు. కావున డిస్కు బాగుపడినదనుట వేరు, మన పుట దొరికినదనుట వేరు.

ఇక పరీక్ష. మేము తొందరపడి విండోస్‌లోని చెక్‌డిస్క్ పరీక్షను గడులు వెదకు ఆర్ గుర్తుతో నడుపబోయితిమి. పూర్వవిద్యార్థి మా చేయి పట్టుకొని ఆపెను. ప్రాణము మీదికి వచ్చిన డిస్కుచేత అన్ని గడులను చదివించి, దస్త్రములను అటునిటు మార్పించుట రోగిచేత పరుగెత్తించుట వంటిది. ముందు నకలు, తరువాత పరీక్ష, చివర మరమ్మతు. ఈ క్రమము తప్పరాదు. తల్లిదండ్రులు నేటి ప్రసంగములో ఒక్కమాట గుర్తుంచుకొనదలచినచో ఇదే గుర్తుంచుకొనవలెనని మా కోరిక.

నకలు తీయుటకు రెండు వ్యవస్థలలో దేనిని తెరువలేదు. లినక్సు ఎక్కించిన పెన్‌డ్రైవు నుండి యంత్రమును నడిపితిమి. అప్పుడు డిస్కుపైనున్న రెండు కాపురములును నిద్రలో నుండును. ఎవరును దానిపై వ్రాయరు. డీడీరెస్క్యూ అను ఉచిత సాధనముతో డిస్కునంతటిని అంతే పరిమాణము గల క్రొత్త డిస్కులోనికి ఎత్తించితిమి. ఆ సాధనపు నేర్పు ఇది. అది చదువలేని చోట నిలిచి పోరాడక, ముందుగా ఆరోగ్యముగా నున్న భాగములన్నియు తీసికొనును, ఏ చోట ఆగినదో వేరుగ లెక్క వ్రాసికొనును, పిమ్మట ఆ చోట్లకు మరల వచ్చి కొంచెము కొంచెముగా తీయును. క్షణమునకు 100 మెగాబైట్ల వేగమున 500 జీబీకి గంటన్నర చాలును. మాకు మంచి భాగము ఒక పూటలో వచ్చినది. చెడిన కొద్ది భాగమునకు నాలుగు రాత్రులు పట్టినది.

నకలు చేతికి వచ్చిన పిమ్మట పాత డిస్కును పరీక్షించితిమి. డిస్కు తన ఆరోగ్యమును తానే వ్రాసికొను పద్దు ఒకటి కలదు. దానిని స్మార్ట్ అందురు. లినక్సులో స్మార్ట్‌సీటీఎల్ అను సాధనముతో దానిని చదువవచ్చును. విండోస్‌లోను అట్టి సాధనములు ఉచితముగ లభించును. అందు నాలుగు వరుసలు ముఖ్యము. 5వ వరుస ఇదివరకే మార్చబడిన గడుల లెక్క. 197వ వరుస చదువబడక తీర్పునకై వేచియున్న గడులది. 198వ వరుస డిస్కు తీరికవేళ వెదకి సరిచేయలేకపోయిన గడులది. 199వ వరుసలో అంకె పెరిగినచో దోషము డిస్కుది కాక తరచుగా తీగదై యుండును. తీగ మార్చినచో సరిపోవును. వీనిని చూడక డిస్కును పారవేయుటయు తప్పే.

ఈ పద్దు ఏ వ్యవస్థకును చెందినది కాదు, డిస్కుది. ఉమ్మడి గోడను చూచుటకు ఇదే మార్గము. డిస్కుచే దీర్ఘ పరీక్ష చేయింపవచ్చును. అది ఏ భాగము ఎవరిదని చూడక మొదటి గడినుండి చివరి గడివరకు చదువబూని, చదువలేని మొదటి గడి చేరగానే సాధారణముగ ఆగి, దాని సంఖ్యను చెప్పును. విభజన పట్టికతో ఆ సంఖ్యను సరిచూచినచో అది ఎవరి ఖోలీలోనిదో తెలియును. మాకు వచ్చిన సంఖ్య విండోస్ భాగములోనిది. బ్యాడ్‌బ్లాక్స్ అను లినక్సు సాధనమును డిస్కునంతటిని చదువగలదు. కాని దానితో మిక్కిలి జాగ్రత్త అవసరము. చదివి చూచు పద్ధతిలో నడిపినచో భయము లేదు. వ్రాసి చూచు పద్ధతిలో నడిపినచో డిస్కుమీద నున్నదంతయు తుడిచివేయును. ఒక్క అక్షరము తేడాతో ఇల్లు ఖాళీ యగును.

ఆ పైననే ఎవరి ఖోలీ పరీక్ష వారిచేత చేయింపవలెను. విండోస్ భాగమును విండోస్‌లోని చెక్‌డిస్క్‌తోనే సరిచూడవలెను. లినక్సులోని ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ దానికి సాటి కాదు. అట్లే చెక్‌డిస్క్ లినక్సు భాగమును ఎరుగదు. లినక్సు భాగమును ఈటూఎఫ్ఎస్‌సీకే అను సాధనముతో, ఆ భాగము వాడుకలో లేనప్పుడు, పెన్‌డ్రైవు నుండి చూడవలెను. ఇంకొక మెలిక కలదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటున్నచో, యంత్రమును ఆపినప్పుడు అది పూర్తిగ ఆగక సగనిద్రలో నుండును. ఆ స్థితిలో లినక్సు వచ్చి విండోస్ భాగముపై వ్రాసినచో దస్త్రములు చెడవచ్చును. ఇంటివారు తలుపు వేసికొని నిద్రించుచుండగా పొరుగువారు వచ్చి సామాను సర్దినట్లగును. రెండు వ్యవస్థలున్న యంత్రములో ఆ ఏర్పాటును తీసివేయుటయే మేలు. ఈ మరమ్మతులన్నియు మేము పాత డిస్కుపై చేయలేదు, నకలుపైననే చేసితిమి.

పాత డిస్కును ఏమి చేయవలెననునది తరువాతి ప్రశ్న. ఒకటి రెండు గడులు చెడినవి, తక్కినవి కోట్ల కొలది బాగున్నవి గదా అని మాలో కొందరనిరి. 197వ వరుసలోని అంకెను ఒక వారము తరువాత మరల చూచితిమి. అది పెరిగియుండెను. అంకె నిలిచియున్న డిస్కు ముసలిది, పెరుగుచున్న డిస్కు రోగి. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ లక్షకు మించిన డిస్కులను పరిశీలించి ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. ఉపరితల పరీక్షలో మొదటి దోషము కనబడిన డిస్కు, అట్టి దోషము లేనిదానికంటె, తరువాతి 60 దినములలో చెడుటకు 39 రెట్లు ఎక్కువ అవకాశము కలదని వారు తేల్చిరి. అదే వ్యాసములో మరొక సత్యమును కలదు. చెడిన డిస్కులలో సగమునకు మించినవి స్మార్ట్ పద్దులోని ముఖ్యమైన నాలుగు గుర్తులలో ఒక్కటియు చూపకయే చెడినవి. కావున పద్దు చెడ్డగ నున్నచో భయపడవలెను, మంచిగ నున్నచో నిర్భయముగ నుండరాదు. నకలు లేనివానికి ఏ పరీక్షయు రక్షణ కాదు.

ఇప్పుడు ఫలితము చెప్పెదము. పదునాలుగు పుటలలో తొమ్మిది సంపూర్ణముగ తిరిగి వచ్చినవి. ఆ బాలిక తాతగారి పుట నాలుగవ రాత్రి వచ్చినది. ఉతారా వ్రాసి, ముద్ర వేసి ఆమె కిచ్చితిమి. ఆమె దరఖాస్తు గడువునకు ఇంక రెండు దినములే యుండెను. తక్కిన ఐదు పుటలు పూర్తిగ రాలేదు. తెరచినచో పై భాగమున కొన్ని పేర్లు కనబడును, క్రింద అంతయు బూడిదరంగు. ఆ బూడిదరంగు క్రింద ఎవరి తాతలు, ఎవరి నాయనమ్మలు ఉన్నారో మేము చెప్పలేము. వారి మనుమలు ఏదో యొక నాడు మా గుమ్మములోనికి వత్తురు. వారికేమి చెప్పవలెనో మాకు తోచకున్నది.

భారత రాజ్యాంగములోని 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమకిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. ఆ హక్కును గూర్చి మన సభలలో తరచుగా మాటలాడుదుము. బడి నడుపుట యనగా పాఠము చెప్పుట మాత్రమే కాదు, చదివినవారి పేరు నిలుపుటయు నగును. ఈ నగరములో మన పేర్లను మన అక్షరములలో వ్రాసియుంచిన చోట్లు ఎన్ని కలవు? ఉన్నవానిలో నొకటి మన బడి రిజిస్టరు. దానిని పోగొట్టుకొన్నచో వేరెవరును తెచ్చి ఇయ్యరు.

అందుచేత కార్యవర్గము అనుమతితో కొన్ని ఏర్పాట్లు చేసితిమి. రిజిస్టరునకు ఇకమీదట మూడు నకళ్లుండును. ఒకటి కార్యాలయపు కంప్యూటరులో, రెండవది బీరువాలోని వేరొక డిస్కులో, మూడవది ముంబయికి వెలుపల సోలాపురమున. ఒక్క వానకు, ఒక్క అగ్నిప్రమాదమునకు మూడును చిక్కరాదు. పిల్లల వివరములు పరులచేత పడరాదు గనుక బయటి నకలుకు సంకేతపదముతో తాళము వేసితిమి. ఆ పదము ఇద్దరు బాధ్యుల వద్ద నుండును. మూడు నెలలకొకసారి స్మార్ట్ పద్దు చూచి, తేదితో పుస్తకములో వ్రాయుదుము. అదే దినమున ప్రతి నకలు నుండి కొన్ని పుటలను తెరచి చూతుము. తెరచి చూడని నకలు నకలు కాదని మాకు తెలిసివచ్చినది. ఏ డిస్కునైనను విభజించి రెండు వ్యవస్థలను ఎక్కించుటకు ముందే పరీక్షింతుము. గోడ చూచిన పిమ్మటనే ఖోలీలు వేయుట.

మీ యిండ్లలోను పిల్లల చదువునకై పాత కంప్యూటరులు, ల్యాప్‌టాపులు కలవు. గ్రాంట్ రోడ్ స్టేషను దాటి నడచినచో లామింగ్టన్ రోడ్డు. డాక్టర్ భాడ్కంకర్ మార్గమని దానికి పేరు మారినను జనుల నోట పాత పేరే నిలిచినది. అచ్చట వాడిన డిస్కులు చౌకగ దొరకును. కొనుటకు ముందు స్మార్ట్ పద్దు చూపుమని అడుగుడు. 9వ వరుసలో అది ఎన్ని గంటలు నడచినదో యుండును. సంవత్సరమునకు 8760 గంటలు. ఆ లెక్కతో వయస్సు తెలియును. అంకెలను చెరపి అమ్మువారును లోకమున కలరు గనుక, ఇంటికి తెచ్చిన పిమ్మట దీర్ఘ పరీక్ష చేయింపుడు. యంత్రము మందగించినను, చప్పుడు చేసినను, ఒక దస్త్రము తెరుచుకొనకపోయినను, ఫార్మాట్ చేసినచో సరిపోవునని ఎవరైన చెప్పినచో ఒప్పుకొనకుడు. ముందు పెండ్లి ఫోటోలు, పిల్లల ధ్రువపత్రములు వేరొకచోటికి ఎత్తుకొనుడు. తిరుగు పళ్లెములు లేని ఎస్.ఎస్.డి. డిస్కులకు బల్ల కదలుట వలన అంత భయము లేదు గాని, అవియు చప్పుడు లేకయే ఒక్కసారిగ ఆగిపోవచ్చును. వానికిని నకలు తప్పదు.

కడపట ఒక ప్రార్థన. 1963 మొదలు 1966 వరకు మన బడిలో చేరినవారు మీ యిండ్లలో నున్నచో, లేక వారు గతించి వారి కాగితములున్నచో, దయచేసి పెట్టెలు తెరచి చూడుడు. ట్రంకు పెట్టె అడుగున, దేవుని పటము వెనుక, రేషను కార్డుతోబాటు మడిచిపెట్టిన పాత లీవింగ్ సర్టిఫికెట్టు ఉండవచ్చును. దానిమీద జనరల్ రిజిస్టరు సంఖ్య యుండును. ఆ సంఖ్య మాకు కావలెను. కాగితమును మా వద్ద విడువ నక్కరలేదు. మీ యెదుటనే స్కాను చేసి తిరిగి ఇత్తుము. మీ కాగితమును చూచి రిజిస్టరులో మరల వ్రాయుటకు మాకధికారము లేదు. కాని అట్టి పత్రములన్నింటిని వేరు దస్త్రముగ కూర్చి విద్యాశాఖాధికారుల యెదుట నుంచి, వారు చూపిన దారిని నడచుకొందుము. ప్రతి శనివారము బడి విడిచిన పిమ్మట కార్యాలయము ఇందులకై తెరచియుండును.

మేము మీ పేర్లను కాపాడుదుమని నమ్మి మీ పెద్దలు బడిలో వ్రాయించిరి. ఐదు పుటల విషయమున మేమా మాట నిలుపుకొనలేకపోయితిమి. మీ పెట్టెలలోని కాగితములు మా లోపమును కొంతయైనను పూరించునని ఆశించుచున్నాము.